పదిహేడేళ్ల కొత్త ఉద్యోగి

పర్మనెంటు ఉద్యోగం మనిషిని ముసలివాణ్ణి చేస్తుంది. నిత్య యౌవనం కావాలా? ఐదు నెలల కాంట్రాక్టు మీద సంతకం పెట్టండి!

నమ్మరా? మా జాంబోవాంగా ఊళ్లో మా పక్కింటి విసితాసియోన్‌ను చూడండి. డబ్బా చేపల ఫ్యాక్టరీలో పదిహేడేళ్లు తలలు కోసింది. చేపల తలలే లెండి. ఆ పదిహేడేళ్లూ ఆమె కొత్త ఉద్యోగే!

ఆరు నెలలు నిండితే చట్టప్రకారం పర్మనెంటు చెయ్యాలి. అందుకని దయగల కంపెనీ ఐదో నెల చివర ఆమెను ఇంటికి పంపేది. రెండు వారాలయ్యాక మళ్లీ చేర్చుకునేది. కొత్త ఫొటో, కొత్త బ్యాడ్జీ, మరోసారి రక్తపరీక్ష! పర్మనెంటు వాళ్ల ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ ఎవరికుంటుంది చెప్పండి?

చేరిన ప్రతిసారీ కత్తి ఎలా పట్టుకోవాలో క్లాసు కూడా ఉండేది. చివరిసారి ఆ క్లాసు చెప్పింది సూపర్‌వైజర్ లూర్డెలిన్. ఆమెకు ఆ పని నేర్పింది విసితాసియోనే!

"అక్కా, నా పరువు తియ్యకు. తెలియనట్టు కూర్చో," అని చెవిలో బతిమాలిందట లూర్డెలిన్.

"కూర్చుంటాలేవే. ముందు కత్తి సరిగ్గా పట్టుకో, వేలు తెగుతుంది!"

క్లాసంతా నవ్వింది. విసితాసియోన్‌కు నవ్వు రాలేదు. మర్నాడే వెళ్లి తనను పర్మనెంటు చెయ్యాలని కేసు వేసింది. ఆ ఐదు నెలలూ అయ్యాక కంపెనీ ఆమెను మళ్లీ చేర్చుకోలేదు.

కోర్టులో కంపెనీ లాయరు మేధస్సుకు దణ్ణం పెట్టాలి. ఈమె ఒక ఉద్యోగి కాదట, వేర్వేరు కాంట్రాక్టుల మీద చేరిన ముప్ఫై ఏడుగురు ఉద్యోగులట!

విసితాసియోన్ లేచి చెయ్యి చాపింది. "అయితే ముప్ఫై ఏడుగురికీ ఇదే వేలి మీద ఇదే గాటు ఎలా పడిందండీ?"

లూర్డెలిన్ కూడా తన ఉద్యోగం సంగతి చూసుకోకుండా వచ్చి, "నాకు పని నేర్పింది ఈ అక్కే," అని సాక్ష్యం చెప్పింది.

విసితాసియోన్ గెలిచింది. కంపెనీ అప్పీలు చేసింది. అక్కడా గెలిచింది. కంపెనీ ఇంకా పైకెళ్లింది. తొందరపాటు లేని న్యాయం ఎంత ముచ్చటగా ఉంటుందో! ఆరేళ్లపాటు ఆమె ఆ ఫ్యాక్టరీ గేటు ముందే అరటిపండు వేపుళ్లు అమ్ముకుంటూ తీర్పు కోసం ఎదురుచూసింది.

చివరికి పై కోర్టులోనూ గెలిచాక, మొన్న సోమవారం లోపలికి పిలిచి పర్మనెంటు ఆర్డరు చేతిలో పెట్టారు.

"ఇది ఎన్ని నెలలకి బాబూ?" అంది, అలవాటుకొద్దీ.

"పర్మనెంటమ్మా! ఇంక నెలల గొడవ లేదు," అంటూనే గుమస్తా ఆమె పుట్టినతేదీ చూసి నీళ్లు నమిలాడు. "అరవై ఐదు నిండితే రిటైర్మెంటు కదా... అంటే, ఇంకో మూడు నెలలు."

విసితాసియోన్ ఆ కాగితాన్ని రెండోసారి చదివింది.

"దీనికంటే ఆ కాంట్రాక్టే నయం కదయ్యా. ఐదు నెలలన్నా ఉంచేవారు!"