చెలిమె కాడి పశ్చాంగం

ఆ పొద్దున గుర్వయ్య అనుకున్నది ఒక్కటే. అడవిలో తన గస్తీ తొందరగా ముగించుకుని, భార్య నాగులమ్మను అచ్చంపేట సంతకు తీసుకుపోవాలి. అమ్రాబాద్ అడవి అంచు పల్లెలో అతను పదకొండేళ్లుగా అటవీశాఖ వాచర్. రోజూ తెల్లవారుతుండగానే నడుముకు తాడు చుట్టి, గొంగడి కప్పుకుని బయలుదేరి, దారిలో నీళ్లూరే చెలిమె దగ్గర దోసిలితో నీళ్లు తాగి లోపలికి నడుస్తాడు. ఆరోజూ అలాగే పోయి వచ్చాడు. ఇంటికి చేరేలోపే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

కొత్తగా వచ్చిన సెక్షన్ ఆఫీసర్ ప్రేమ్‌సాగర్ కంప్యూటర్ ముందు బిగుసుకుని కూర్చున్నాడు. మూడు రోజుల కిందట ఎవరికీ చెప్పకుండా చెలిమె పక్క చెట్టుకు కెమెరా కట్టాడట. తెర మీద బూడిదరంగు మంచు, దాని నడుమ నల్లటి బొచ్చుముద్ద. తల లేదు. ముందుకాళ్లు లేవు. వెనక రెండు బక్క కాళ్లు, వాటి నడుమ వేలాడే తోక, తోక చివర కుచ్చు.

"ఏం జంతువు గుర్వయ్యా ఇది?"

గుర్వయ్య తెర దగ్గరికి వంగి చూశాడు. "గుడ్డెలుగు అందామంటే గింత తోక ఉండది సార్. దున్నపోతు అందామంటే కాళ్లు గింత సన్నగుండయ్. నేనైతే గిసొంటిది ఎన్నడు చూడలే."

ప్రేమ్‌సాగర్ ఒక ఫారం తీశాడు. పైన 'పశ్చాంగ వివరాలు', అంటే వెనక భాగం వివరాలు, అని అచ్చయి ఉంది. "పుచ్ఛమూలం ఎట్లుందో చెప్పు."

"అంటే?"

"తోకమొదలు."

"గట్లనే రాస్తే ఏమైతుండె సార్?"

"నాకేం తెలుసు? తర్వాత, నితంబం." ఆఫీసర్ గొంతు సవరించుకున్నాడు. "అంటే, పిర్రలు."

"ఒకటి మీదికి, ఒకటి కిందికి ఉన్నయ్."

తర్వాతి మాట శ్రోణి. దాని అర్థం తెలియక ఇద్దరూ ఆగిపోయారు. బర్రెల బేరగాడు ఐలేశాన్ని పిలిపించారు. వెనక నుంచి ఒక్క చూపు చూసి బర్రె ఎన్ని ఈతలు ఈనిందో చెప్పగల మనిషి అతను. ఐలేశం చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీని తెరకు కాస్త దూరం జరుపుకున్నాడు.

"సార్, గీ తుంటి పశువుది కాదు. గా మోకాలు చూడు, ముందటికి మడుస్తాంది. ఏ పశువు ఎనుకకాలు గూడ గిట్ల మడువది."

"మరి దేనికి మడుస్తది?"

"మనిషికి."

మనిషికి తోకేమిటని అడగడానికి కూడా ఎవరికీ నోరు రాలేదు. ప్రేమ్‌సాగర్ ఫోటో కింద ఉన్న సమయం చదివాడు. ఆరూ పది. మూడు పొద్దులూ మూడు ఫోటోలు. అన్నీ ఆరూ పదికే.

గుర్వయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "సార్, ఆరూ పదికి గా చెలిమె కాడ నేనే ఉంట."

"నువ్వు ఫోటోల లేవు గదా?"

గుర్వయ్య మూడు ఫోటోల్లోనూ తనకోసం వెతికాడు.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. అది రోజూ గుర్వయ్య వీపు వెనకే నిలబడుతోందని కొందరన్నారు. చెలిమె దగ్గర గుర్వయ్య ఉండాల్సిన చోట అదే ఉంది కాబట్టి గుర్వయ్యే అట్లా మారుతున్నాడేమోనని మరికొందరన్నారు. పశువుల్ని ఎవరూ మేతకు తోలలేదు. సంత మాట నాగులమ్మ ఎత్తలేదు. చాయ్ హోటల్ దగ్గర గుర్వయ్య లేస్తే అందరూ లేచి, అతన్ని ముందు నడవనిచ్చి, నడుము కిందికి చూస్తూ వెనక నడిచారు.

మర్నాడు స్నానానికి నీళ్లు పోస్తూ నాగులమ్మ వీపు రుద్దింది. చెయ్యి వెన్ను చివరికి వచ్చి ఆగింది.

"ఏం చూస్తున్నవే?"

"ఏం లేదు. మన్ను అంటింది."

ఆమె లోపలికి పోయాక గుర్వయ్య తనే చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. అక్కడ ఒక ఎముక తగిలింది. అది మొదటి నుంచీ ఉన్నదేనా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

మూడోనాడు తెల్లవారుతూనే నాగులమ్మ దుడ్డుకర్ర పట్టుకుని గడపలో నిలబడింది. "నేను గూడ వస్త. అది నీ ఎనుక నిలబడితే, నేను దాని ఎనుక నిలబడ్త."

అడవిలో మంచు పాలలా కమ్మింది. కొండముచ్చు కూడా కూయలేదు. ముందు నడుస్తున్న మొగుడు పది అడుగుల్లో మాయమయ్యాడు. చెలిమె దగ్గరికి వచ్చేసరికి గుర్వయ్య లేడు. అది ఉంది. నల్లగా, బొచ్చుగా, తల లేకుండా, బక్క కాళ్ల మీద ఊగుతోంది. నీళ్లు గుటగుట తాగుతున్న చప్పుడు. తోక మెల్లగా కదిలింది.

నాగులమ్మ చప్పుడు లేకుండా దాని వెనక్కి చేరింది. మొగుణ్ని మింగేసిందన్న దుఃఖంలో కర్ర ఎత్తి సరిగ్గా తోకమొదలు మీద వేసింది.

"అవ్వో, సచ్చిన!" అంది ఆ జంతువు గుర్వయ్య గొంతుతో.

రెండో దెబ్బకు ముందు ఆమె తోక పట్టి లాగింది. అది ఊడి చేతికొచ్చింది. గుర్వయ్య నడుముకు చుట్టుకునే తాడు కొస. ముడి జారి, పీచు విచ్చుకుని వేలాడుతోంది. నెత్తి మీద గొంగడి వేసుకుని వంగితే వెనక నుంచి మనిషిలో మిగిలేది అంతే. నాగులమ్మ అక్కడే కూలబడి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

ఇద్దరూ నేరుగా ఆఫీసుకు పోయారు. గుర్వయ్య గొంగడి కప్పుకుని, తాడు వేలాడదీసి, ఆఫీసర్ వైపు వీపు పెట్టి వంగాడు. "సార్, గది నేనే."

ప్రేమ్‌సాగర్ ఫోటోను చూశాడు, గుర్వయ్యను చూశాడు, మళ్లీ ఫోటోను చూశాడు. "రిపోర్టు నిన్ననే పైకి పోయింది గుర్వయ్యా. నా సంతకంతోని పోయింది."

వారానికి పైనుంచి జవాబు వచ్చింది. అరుదైన ఆ ప్రాణిని ఎవరూ బెదిరించరాదు, దాని రక్షణకు స్థలం తెలిసిన వాచర్‌ను ప్రత్యేకంగా నియమించాలి. ప్రేమ్‌సాగర్ తల వంచుకుని కాగితం గుర్వయ్య ముందుకు జరిపాడు.

ఆ జంతువు క్షేమంగానే ఉందని గుర్వయ్య ఇప్పటికీ నెలనెలా వేలిముద్ర వేస్తున్నాడు.