ఎండలో ఇరవై నిమిషాలు

ఆ రోజు పదింటికి ఇంటిల్లిపాదీ ఎండలో కూర్చోవాలి. లాల్‌సింగ్ అనుకున్నది అంతే. ఇరవై ఏళ్లుగా ఇల్లందు బొగ్గుబాయిలో, భూమి లోపల పని. మోకాళ్లు సలుపుతున్నాయని పరీక్షలు చేయిస్తే డి విటమిన్ బాగా తక్కువన్నారు. భార్య రూప్లికీ, తల్లి జమ్లికీ అదే తేలింది. "రోజూ పదింటికి ఇరవై నిమిషాలు ఎండ తగలనివ్వండి, మాడిపోయేదాకా వద్దు" అన్నాడు డాక్టరు.

వాళ్ల క్వార్టరు మీద పొద్దంతా చెట్ల నీడే. ఎదురుగా గని ఆఫీసు గేటు ముందు మాత్రం ఎండ దండిగా పడుతుంది. రెండో షిఫ్టు కనుక పొద్దున తీరికే. గేటు ముందు చాప పరిచి ముగ్గురూ వరసగా కూర్చున్నారు.

అటుగా పోతున్న కార్మిక నాయకుడు బాలకృష్ణ బండి ఆపాడు.

"ఏంది లాల్‌సింగూ, మాట చెప్పకుండనే ధర్నాకు కూసున్నవ్?"

"ధర్నా కాదన్నా. డాక్టర్ కూసోమన్నడు."

"డాక్టర్ గూడ మన దిక్కే ఉన్నడా?" అని బాలకృష్ణ సంబరంగా ఫోను తీశాడు.

అరగంటలో యాభై మంది పోగయ్యారు. ఎవరో షామియానా తెచ్చి కట్టబోతే రూప్లి లేచి తాడు లాగేసింది.

"మాకు నీడ వద్దు. ఎండలనే కూసుంటం."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో తెచ్చిచ్చిన చాయ్‌లో చక్కెర ఎక్కువైందని జమ్లి పక్కన పెట్టింది. ఆ కబురు గుంపు చివరికి చేరేసరికి నిరాహార దీక్ష అయిపోయింది.

ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటాయి. లేచిపోదామంటే చుట్టూ జనం. లాల్‌సింగ్‌కు చెమటలు పట్టాయి. ధర్నా అనుకుని పనిలోంచి తీసేస్తే కంపెనీ ఇచ్చిన క్వార్టరూ పోతుంది.

అంతలో మేనేజరు వెంకటరామారావు స్వయంగా బయటికొచ్చాడు. అందరినీ దూరం పంపి చాప మీద కూర్చున్నాడు.

"నీ డిమాండ్లేంటో చెప్పు."

"ఏం లేవ్ సార్. ఒంట్లో డి లేదంటే ఎండల కూసున్నం. నా నౌకరి మాత్రం తియ్యకుండ్రి."

మేనేజరు అటూ ఇటూ చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచాడు.

"నాకూ లేదయ్యా. పోయిన నెలలోనే చెప్పారు. కానీ ఆఫీసరన్నవాడు గేటు ముందు చాపేసుకుని ఊరికే కూర్చుంటే బాగుంటుందా?" గొంతు తగ్గించాడు. "చర్చలు రేపటికి వాయిదా పడ్డాయని వాళ్లకు చెప్పు. ఇదే టైముకు వస్తాను. ఇరవై నిమిషాలే, ఎక్కువ వద్దు."

లాల్‌సింగ్ మోకాళ్లు పట్టుకుని లేచి ఆ మాటే చెప్పాడు. జనం జేజేలు కొట్టారు.

నెల దాటినా చర్చలు ఒక్కరోజూ ఆగలేదు, మబ్బు పట్టిన రోజుల్లో తప్ప.