మిలిటరీ క్యాంటీను మగ్గు

రాజభక్తి నోట్లో ఉంటే చాలదనీ, నలుగురికీ కనబడేలా అద్దాల బీరువాలో ఉండాలనీ 1934లో పెరుమాళ్సామి నాయకర్ ప్రకటించారు. ఆయన కోవిల్పట్టి దగ్గర ఒక పంచాయతీ బోర్డుకు ప్రెసిడెంటు. కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు.

వెంటనే విరుదునగరం వెళ్లి, పాతసామాన్ల వేలంలో జర్మనీ యుద్ధం నాటి మిలిటరీ క్యాంటీను పింగాణీ బండెడు కొన్నారు. అంచులు విరిగిన పళ్లేలు, మూతలు పోయిన కెటిళ్లు. అడుగున కిరీటం ముద్ర. ముద్ర అరిగిపోయినవాటిని ఇంకా గౌరవంగా పట్టుకునేవారు. పాపం, అవి ఎక్కువ సేవ చేశాయట.

భార్య బొమ్మక్క గడపలోనే అడ్డం నిలబడింది.

"ఏ దొర ఏం మాంసం తిన్యాడో! ఇది లోపలికి వస్తే నేను బయటికి పోతా."

"కిరీటం ఉండాదే! దానికేం మైల?"

"అట్లయితే రేపటినుంచి మీకు సాప్పాడు దాంట్లోనే పెడతా."

రాజభక్తి పత్తి గోడౌనుకు మారింది.

కలెక్టరు దొర చూడవస్తున్నారని తెలిశాక నాయకర్‌కు ఒక్కటే దిగులు పట్టుకుంది. సొంత ఊరి వీరుడి సామాను ఒక్కటీ లేదే! ఊరినుంచి యుద్ధానికి పోయి ప్రాణాలతో వచ్చినవాడు ఇరుళప్పన్ ఒక్కడే. బస్రా నుంచి అతను తెచ్చుకున్నవి ఒక కుంటికాలు, ఒక ఇనామెల్ మగ్గు. ఉండేది ఊరవతల, అంటరానివాళ్ల చేరిలో. నాయకర్ జీవితంలో మొదటిసారి ఆ వీధి మొగదాకా నడిచారు.

"ఇరుళప్పా, కాలు నువ్వే ఉంచుకో. మగ్గు ఇయ్యి."

"గంజి తాగేది దాంట్లోనే గదా సామీ."

"చక్రవర్తికోసం రా!"

ఇరుళప్పన్ మగ్గును కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"ఇస్తా సామీ. బోర్డు బావిలో మా వీధోళ్లూ నీళ్లు చేదుకునేకి దొర కాడ ఒక మాట చెప్పండి. ఎవరన్నా పోస్తారేమో అని మా ఆడోళ్లు పొద్దంతా కాచుకోని ఉండారు."

"ఇంతేనా? చెప్తా పో."

దొర వచ్చిన రోజు మగ్గు ఎర్రపట్టు మీద, అద్దం వెనక వెలిగిపోయింది. పక్కన "తాకరాదు" అని బోర్డు.

"ఈ వీరుడు ఎక్కడ?" అన్నారు దొర.

కంచె అవతల నిలబడ్డ ఇరుళప్పన్‌ను చూపించారు. దొర తామే వెళ్లి చెయ్యి కలిపారు.

"ప్రెసిడెంటుగారూ, మీరూ కలపండి."

నాయకర్ చేతికి ఆ క్షణమే వాతం కమ్మింది.

"నీకేం కావాలి?" అని దొర ఇరుళప్పన్‌ను అడిగారు. అతను సల్యూట్ కొట్టి, పటాలంలో నేర్చిన ఇంగ్లీషు కూడదీసుకున్నాడు.

"వాటర్, సార్. బోర్డు వెల్..."

"దాహమంటున్నాడు సార్!" అన్నారు నాయకర్, చప్పున.

"అయితే ఇవ్వండి!"

నీళ్లొచ్చాయి. దేంట్లో పొయ్యాలి? ఇరుళప్పన్ అద్దం వైపు చూశాడు.

"బోర్డు ఉండాదే, చూడలేదా?" అన్నారు నాయకర్ ఎంతో ప్రేమగా.

ఇరుళప్పన్ అద్దం మీదినుంచి చూపు తిప్పుకుని, వంగి దోసిలి పట్టాడు. నాయకర్ దూరంగా నిలబడి, వాతం చెయ్యి భుజందాకా ఎత్తి, తన మీద చుక్క చిందకుండా చెంబు వంచారు.

"ఎంత అందమైన ఆచారం!" అని దొర మురిసిపోయారు. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చాడు.

సర్కారు ఇచ్చే కొత్త సంవత్సరం బిరుదుల జాబితాతోపాటు ఆ ఫోటో పేపర్లో పడింది. కింద, "యుద్ధవీరుడి దాహం తీరుస్తున్న రావుసాహెబ్ పెరుమాళ్సామి నాయకర్" అని వేశారు.

నాయకర్ తలపాగాతో సహా నిండుగా వచ్చారు. వీరుడివి రెండు చేతులే పడ్డాయి.