నాలుగు వందలా, వందా

ఫిబ్రవరి పదకొండు, శుక్రవారం ఉదయం. వంటింట్లో హాజరైనవారు: పుస్తకాలకు పదసూచికలు తయారుచేసి బతికే అన్నగారు, ఆయన ఇల్లాలు, యాభై రెండో ఏట ఆనాడే రిజిస్టరు పెళ్ళి చేసుకోబోతున్న చెల్లెలు. బల్ల మీద తండ్రిగారి పాత కెమెరా. పెళ్ళికొడుకు పళ్ళ డాక్టరు. నేరుగా ఆఫీసుకే వస్తానన్నాడు.

చెల్లెలికి ఫోటోలు గిట్టవు. చిన్నప్పటి నుంచి తండ్రిగారు ఆ కెమెరాతో తీసిన ప్రతి బొమ్మలోనూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది. "ఒక్క రీలు, అన్నయ్యా. అది పాడైతే మళ్ళీ నిలబడమనకు" అని ముందే తెగేసి చెప్పింది. ఆమె కళ్ళు తెరిచి ఉన్న బొమ్మ ఒక్కటైనా గోడకెక్కాలన్నది అన్నగారి పంతం. అందుకే కెమెరాతో వచ్చిన పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాడు.

"ఈ చక్రం ఉంది చూశారూ, ఫిల్ముకి ఎంత వెలుతురు చాలో కెమెరాకి చెప్పేది ఇదే. మనది నాలుగు వందల ఫిల్ము, కొంచెంతో సరిపెట్టుకుంటుంది. వంద ఫిల్ముకైతే నాలుగింతలు కావాలి. అంకె తప్పిందా, ఇక అంతే సంగతులు."

"పెళ్ళి నాకా, కెమెరాకా?" అంది చెల్లెలు.

ఆయన చక్రాన్ని నాలుగు వందల మీద నిలిపాడు. డాక్టరు కొనిచ్చిన ఫిల్మును కెమెరాలో ఎక్కించి, ఖాళీ డబ్బాను చెత్తబుట్టలో వేశాడు. కెమెరా వీపున ఒక చిన్న చట్రం ఉంది. లోపల ఏ ఫిల్ముందో గుర్తుండడానికి తండ్రిగారు ఏనాడో డబ్బా మూత చింపి అందులో దూర్చారు. దాని మీద వంద అని ఉంది. నాన్నగారు పెట్టినది తీసేయడానికి ఆయనకు చేతులు రాలేదు.

కారులో కెమెరా ఇల్లాలి ఒళ్ళోకి చేరింది. ఆమె మూత మీది వందను చూసింది, చక్రం మీది నాలుగు వందలను చూసింది. నలుగురిలో మొగుణ్ణి సరిదిద్దే మనిషి కాదు గనుక చప్పుడు చెయ్యకుండా చక్రాన్ని వందకు తిప్పింది.

ఆఫీసులో సంతకాల వేళ కెమెరాను డాక్టరు పక్కన పెట్టారు. ఫిల్ము కొన్నవాడు ఆయనే. పెళ్ళినాడే బావగారి తప్పెన్నడం మర్యాద కాదనుకొని, చప్పుడు చెయ్యకుండా మళ్ళీ నాలుగు వందలకు తిప్పాడు.

తరవాత కార్యక్రమం ఆవరణలో, మండుటెండలో. అన్నగారు ఎండకు పెట్టవలసిన అంకెలు కంఠస్థం చేసుకొచ్చి, షట్టరునూ లెన్సు చుట్టూ ఉన్న కడియాన్నీ ఆ ప్రకారం నిలిపాడు. కెమెరాలోంచి చూస్తే కంటి దగ్గర కనబడే, వెలుతురు కొలిచే ముల్లు కదల్లేదు. ముల్లు తనతో ఏకీభవించిందని సంతోషించి, ఇక వాటి జోలికి పోకుండా బొమ్మలు తీశాడు. ఆయన చెమట తుడుచుకోవడానికి కెమెరా ఎవరికిచ్చినా, ఇల్లాలైతే వందకు, డాక్టరైతే నాలుగు వందలకు చక్రం తిరుగుతూనే ఉంది. రీలు ముగింపుకొచ్చిన వేళ ఆయన చూపు చక్రం మీద పడింది. అది వంద మీద ఉంది. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఇంతవరకు జరిగిందేదీ పనికిరాదు. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాల్సిందే."

మెట్ల మీదున్న రిజిస్ట్రారు చెవిన ఆ మాట పడింది. "ఏది పనికిరాదు? ఇప్పుడేగా సంతకాలయ్యాయి. అభ్యంతరం ఉంటే నోటిమాట కుదరదు, రాసివ్వండి" అంటూ తెల్లకాగితంతో దిగివచ్చాడు.

డాక్టరు నీరుగారిపోయాడు. "అభ్యంతరమా? బావగారూ, నాతో ఒక్క మాటైనా అనలేదే."

"పెళ్ళికి కాదు బావా, అంకెకి."

"వయసులు నేనే సరిచూశాను" అన్నాడు రిజిస్ట్రారు, కాగితం చాచి పట్టుకునే.

ఇల్లాలు తల దించుకుంది. "నేనే మార్చానండీ. వెనక వందని ఉంది కదా. నలుగురిలో అంటే మీకు చిన్నతనమని..."

"అయ్యో, మీరా అక్కయ్యగారూ? నేను దాన్ని నాలుగు వందలకి తిప్పుతూ ఉన్నానే."

"అదేంటి, దానంతటదే జారిపోతోందనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను."

ఏ బొమ్మ ఏ అంకె మీద పడిందో బ్రహ్మదేవుడికైనా తెలియదు. అన్నగారు మెట్టు మీద కూలబడ్డాడు. చెల్లెలు వచ్చి పక్కన కూచుంది.

"అన్నయ్యా, ఆ చక్రం తిప్పితే ఏం మారుతుంది?"

"ముల్లు."

"మారిందా?"

"లేదు. పొద్దున్నుంచి ఒక్కచోటే ఉంది."

"ఆ ముల్లు దేంతో కదులుతుంది?"

"కింద బ్యాటరీ ఉంటుంది కదా."

చెల్లెలు కొంగుతో నోరు మూసుకుంది. "ఉండదు. నాన్న చెవి మెషిన్ ఆగిపోయిన రోజు కొట్లన్నీ మూసేశారు. దీన్లోది సరిగ్గా పట్టింది, తీసి పెట్టేశాను. ఆ సాయంత్రమంతా రేడియో వింటూ, దాని దగ్గర్నుంచి లేవలేదాయన. మళ్ళీ కొత్తది వెయ్యడం మర్చిపోయాను."

అన్నగారు నాణెంతో అడుగు మూత విప్పాడు. లోపల కడిగిన గిన్నెలా ఖాళీ. చక్రం ఎవరెన్నిసార్లు తిప్పినా దాని మాట వినే నాథుడే లేడు. షట్టరూ కడియమూ పొద్దున పెట్టినచోటే ఉన్నాయి, ఎండా అలాగే ఉంది. అన్ని బొమ్మలూ ఒక్క తీరుగానే పడ్డాయన్నమాట.

"రీల్లో ఇంకా బొమ్మలున్నాయా?" అంది చెల్లెలు, నవ్వు ఆపుకోలేక.

"ఒకటుంది."

"నిలబడతాలే. తియ్యి."

సోమవారం ప్రింట్లు వచ్చాయి. వెలుతురు అన్నిటా దివ్యంగా కుదిరింది. చెల్లెలు అన్నిటా కళ్ళు మూసుకునే ఉంది. ఆ చివరిది తప్ప. అందులో కళ్ళు విప్పార్చి నవ్వుతోంది, వెనక రిజిస్ట్రారు ఇంకా తెల్లకాగితం చాచుకొని నిలబడి ఉన్నాడు. అన్నగారు మేకు కొట్టి దాన్ని గోడకు తగిలించాడు.

రిజిస్ట్రారు చివరికి చేతిలో పెట్టి వెళ్ళిన ఆ తెల్లకాగితం అన్నగారి జేబులోనే ఉండిపోయింది. దాని మీద ఆయన అందమైన దస్తూరిలో, ఇకమీదట తాను తప్ప మరెవరూ, మర్యాద కోసమైనా సరే, ఈ కెమెరాను ముట్టుకోరాదని రాశాడు. నలుగురూ సంతకాలు చేశారు. కాగితాన్ని డబ్బా మూతంత చిన్నగా మడిచి, తండ్రిగారి వంద కనబడకుండా, కెమెరా వీపున ఉన్న చట్రంలో దూర్చాడు.

అందులో ఏం రాసుందో ఎవరికైనా అనుమానమొస్తే, కెమెరాను చేతిలోకి తీసుకోక తప్పదు.