ఎలుగుబంట్ల మధ్య విశ్రాంతి

ఉద్యోగం చేసే ఇల్లాలికి అసలైన విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది? పుట్టింట్లోనా? ఆస్పత్రిలోనా? కాదు! మబ్బులకు పైన, మంచుకొండల్లో, ఎలుగుబంట్లు తిరిగే అడవిలో దొరుకుతుంది. నమ్మరా? అయితే హైదరాబాదులోని కార్వాన్ కళావతి సంగతి వినండి.

కళావతి ఒక సర్కారు ఫ్యాక్టరీలో టైపిస్టు. డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఆ ఫ్యాక్టరీ వాళ్లు హిమాలయాలకు ట్రెక్కింగ్ అన్నారు. ఆడవాళ్లూ రావచ్చన్నారు. కళావతి పేరిచ్చింది.

భర్త భిక్షపతి హడలిపోయాడు. "గా చలిల సచ్చిపోతవే! పండనీకి మంచం గిట్ల ఉండదట!"

అత్త ఆగమ్మ కళ్లొత్తుకుంది. "నువ్వు పోతే మాకు బువ్వెవరు వండుతరు బిడ్డా?"

ఇంత ప్రేమనూ కాదనుకుని కళావతి రైలెక్కింది. పాపం, అక్కడ ఎన్ని కష్టాలు పడిందో!

వీపు మీద ఒక్కటే మూట. చంకలో బిందె లేదు, చేతిలో కిరసనాయిలు డబ్బా లేదు. తెల్లారితే నల్లా దగ్గర లొల్లి లేదు. గుడారంలో ముడుచుకుని పడుకుంటే, క్యాంపు వంటవాడు తెర ఎత్తి, "బెహన్‌జీ, చాయ్!" అని గ్లాసు చేతికందించాడు. కళావతికి ఏడుపొచ్చింది. పెళ్లయ్యాక చల్లారకముందే తాగిన మొదటి చాయ్ అది!

ఒకనాడు ఎలుగుబంటి కూడా ఎదురైంది. ఆమెను తేరిపార చూసి, తన దారిన తాను పోయింది. ఎంత మర్యాద! ఇవ్వాళ కూర ఏం చేశావని అడగలేదు.

ఇల్లు చేరాక కళావతి ఒకే ఒక్క తప్పు చేసింది. నిజం చెప్పింది.

"మస్తు సుఖమున్నది. కూసున్న కాడికే అన్నీ తెచ్చిచ్చిన్రు."

భిక్షపతి మొహం మాడిపోయింది. "గింత సుఖమా? మమ్ముల ఇడిసిపెట్టి నువ్వొక్కదానివే పోయినవా?"

మరుసటేడు కుటుంబ సమేతంగా బయలుదేరారు. ఆగమ్మను కంచరగాడిద ఎక్కించారు. కొండమీదికి చేరీ చేరగానే భిక్షపతి పెద్దమనసుతో వంటవాడి భుజం తట్టాడు.

"తుమ్ ఆరామ్ కరో భాయ్. హమారీ ఘర్‌వాలీ పకాతీ!"

వంటవాడికి సెలవు దొరికింది. గరిటె కళావతి చేతికొచ్చింది. ఆగమ్మ రొట్టె మెత్తగా చేయమంది. భిక్షపతి సెలయేటి చన్నీళ్లలో ఒక్క మునక వేసి, వణుకుతూ ఒడ్డుకొచ్చి కేకేశాడు.

"కళా! నా తువ్వాలేదే?"

ప్రకృతి ఒడిలో మనిషికి తోడు ఉండదని ఎవరన్నారు? ఎదుటి కొండ కూడా ఆమెనే అడిగింది.

"తువ్వాలేదే?"