భీమమ్మ తోటలో గోపీనాథ్ పైపు

ఆ ఉదయం గోపీనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా ఊరు దాటి, మెట్ట మీదున్న భీమమ్మ చీనీ బత్తాయి తోటలో కూర్చుని, ఒక్క పైపు, నిండుగా పొగాకు కూరి, మొదటి నుంచి చివరిదాకా ఆరిపోకుండా కాల్చాలి. ముప్పై ఏళ్లు సర్కారు కొలువులో మిషన్ పెట్టి బోరు పాయింట్లు, అంటే నేల కింద నీళ్లుండే చోట్లు, చూసి, రిటైరై, మైదుకూరు పక్క పల్లెలో సొంతింటికి చేరిన మనిషి అంతకన్నా ఏం కోరుకుంటాడు?

పైపు కోరిక పుట్టింది ఫోనులో. ఎవరో తెల్లగడ్డం పెద్దమనిషి వానను చూస్తూ పైపు కాలుస్తున్నాడు. పొగ మెల్లగా లేచి, ఏమీ తొందర లేనట్టు కాసేపు గదంతా తిరిగి, కిటికీలోంచి వెళ్లిపోయింది. గోపీనాథ్ మనసు పారేసుకున్నది పైపు మీద కాదు, ఆ నిదానం మీద. ఆర్డరు పెట్టాడు. పైపు వచ్చిన రోజే భార్య శివకుమారి కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఈ కంపు నాతో కాదు. యాడికన్నా పోయి ఊదుకోండి," అంది.

అందుకే మెట్ట. ఆ వేళప్పుడు నల్లమల కొండలు లేత నీలంగా, సగం ఉన్నట్టూ సగం లేనట్టూ కనిపిస్తాయి. కళ్లు సగం మూసుకుంటే చాలు, కొండల మీద మబ్బు పట్టినట్టే ఉంటుంది, తోటంతా పచ్చగా తోస్తుంది. తెరిస్తే మాత్రం మూడు వందల చీనీ చెట్లు, నీళ్లందక ఆకులు ముడుచుకుని.

చిక్కల్లా గాలితోనే. మెట్ట గాలికి అగ్గిపుల్ల నిలవదు. తూర్పుకు తిరిగి గీశాడు, ఆరింది. దక్షిణానికి తిరిగాడు, మళ్లీ ఆరింది. పైపును ముందుకు చాపి పట్టుకుని, గాలి తగలని చోటు కోసం మూడు చుట్లు తిరిగి, చివరికి తోట నడిమధ్యన గొంతుకూర్చున్నాడు. నాలుగు దమ్ములు పడ్డాయి. కళ్లు మూసుకున్నాడు. ఆ నాలుగు దమ్ముల్లోనే వాన కురిసింది, వంకలు పారాయి, ఎక్కడో కప్పలు కూడా అరిచాయి. కళ్లు తెరిచేసరికి పైపు ఆరిపోయి ఉంది. నిట్టూర్చి, దాన్ని నేలకేసి మూడుసార్లు తట్టి బూడిద దులిపాడు. ఎండుగడ్డి అంటుకుంటుందేమోనని ఆ బూడిద మీద ఒక రాయి పెట్టాడు. అసలే జాగ్రత్త మనిషి. కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

ఎందుకంటే ఆ సీమలో నీళ్లు చూసేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. వేపపుల్లో టెంకాయో ముందుకు చాపి పట్టుకుని చేనంతా తిరుగుతారు, ఊట తగిలిన చోట కళ్లు మూసుకుని కూర్చుంటారు, గుర్తుగా రాయి పెట్టి లేస్తారు. ఆ రాయి ఉన్నచోటే బోరు పడుతుంది. పక్క చేలో ఎనుములు మేపుకుంటున్న కంబన్న ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు.

మర్నాడు గోపీనాథ్ వెళ్లేసరికి రాయికి పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. పక్కన కొట్టిన టెంకాయ. భీమమ్మ చేతులు జోడించి నిలబడింది. వెనకే కంబన్న.

"అడక్కుండానే మేలు చేసినారు సార్. రేపు పొద్దున్నే బోరు బండి వస్తాంది," అందామె.

"బండి ఎందుకమ్మా?"

"మీరు రాయి పెట్టిన కాడ బోరు ఏపిచ్చేకి. ఇదే ఆఖరు సార్. ఇదీ పోతే చెట్లు నరికి కట్టెలకిచ్చేయడమే."

గోపీనాథ్ ఆ రాయి వైపు చూశాడు. ఆ నేల కడుపులో ఏముందో ఆయనకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ల కిందట ఇదే తోటలో మిషన్ పెట్టి చూశాడు. నడిమధ్యనంతా బండ. ఉంటే గింటే పడమర గట్టు కింద, రెండు బండల సందున సన్నని చీలికలో నీళ్లుండాలి. ఆ మాటే కాగితం మీద రాసిచ్చాడు కూడా. భీమమ్మ ఆ కాగితాన్ని భక్తిగా పెట్టెలో దాచుకుని, వేపపుల్లాయన చెప్పిన చోట రెండు బోర్లు వేయించింది. రెండింట్లోనూ దుమ్మే లేచింది.

"నేను నీళ్లు చూల్లేదమ్మా. ఊరికే పొగ తాగుతాంటి, అంతే."

"చూసేటోళ్లు చూసినామని చెప్పరు సార్," అన్నాడు కంబన్న. "చెప్తే శక్తి పోతాది."

"నాకు ఏ శక్తీ లేదప్పా. పడమర గట్టు కింద ఉండాయని ఎనిమిదేండ్ల నాడే రాసిచ్చినా కదా."

"అది మిషన్ చెప్పిన మాట," భీమమ్మ మర్యాదగానే అంది. "మిషన్‌కేం తెలుస్తాది సార్? ఇప్పుడు మీరే చూసినారు."

ఆయన కాదన్నకొద్దీ వాళ్ల నమ్మకం ముదిరింది. ఇంటికొచ్చి శివకుమారితో చెప్పుకున్నాడు.

"ఉన్న నిజం చెప్పేస్తే పోయె కదా?" అందామె.

"చెప్పినా. కాళ్లకు మొక్కినారు."

ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. తన సరదా ఒక మనిషి తోటను మింగేస్తుందేమోనన్న దిగులు గుండెల మీద కూర్చుంది.

తెల్లారి గోపీనాథ్ రొప్పుతూ చేరేసరికి బండి ఆ రాయి పక్కన ఇనుప కాళ్లు దించుతోంది. మాటలతో అయ్యే పని కాదని ఆయన దారిలోనే తేల్చుకున్నాడు. జేబులోంచి పైపు తీశాడు. చదువుకున్న చదువుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు. పైపు ముందుకు చాపి, కళ్లు సగం మూసి, నిద్రలో నడిచినట్టు పడమర గట్టు దాకా నడిచాడు. మూడు చుట్లు తిరిగాడు. కూర్చున్నాడు. మూడుసార్లు తట్టి రాయి పెట్టాడు.

"మొన్న ఆడ, ఇప్పుడు ఈడనా సార్?" భీమమ్మ గొంతులో అనుమానం.

"నీళ్లు ఒకచోట కూచుంటాయామ్మా? నడుస్తాంటాయి," అన్నాడు గోపీనాథ్, ఆమె ముఖం వైపు చూడకుండా.

కంబన్న తలూపాడు. బండి కదిలింది.

వంద అడుగులకు దుమ్ము. రెండు వందలకూ దుమ్మే. అది తెల్లగా లేచి, గాల్లో కాసేపు ఊగి, ముడుచుకున్న ఆకుల మీద వాలుతోంది. బండి మోత ఎక్కడో దూరంగా వినిపిస్తున్నట్టుంది గోపీనాథ్‌కు. మిషన్ కూడా తప్పు చెప్పి ఉంటే? భీమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మట్టిలో కూర్చుంది. మూడు వందలు దాటాక దుమ్ము రంగు మారింది. బురదయింది. ఆ తర్వాత నీళ్లు చెట్ల ఎత్తున ఎగజిమ్మాయి. భీమమ్మ నిలువునా తడుస్తూ, నవ్వుతూ ఏడ్చింది. గోపీనాథ్ కూడా ఏడ్చాడు. కళ్లద్దాల నిండా బురద కాబట్టి ఎవరూ చూడలేదు.

"మిషన్ పట్టినన్నాళ్లూ ఏమోగానీ సార్," భీమమ్మ కళ్లు తుడుచుకుంది, "గొట్టం పట్టినంక మీరు శానా బాగా చూస్తాండారు."

మరుసటి ఉదయం ఆయన తేలిక మనసుతో లేచాడు. ఇంక అడ్డేముంది, ఈ రోజన్నా ఒక్క పైపు నిండుగా కాల్చాలనుకున్నాడు. జేబులో పైపు లేదు. దేవుడి గూట్లో ఉంది. చింతపండుతో తోమి, గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, పసుపు దారం కూడా కట్టి ఉంది.

"ఇట్లియ్యి," అని చెయ్యి చాపాడు.

"భీమమ్మకు గంగను చూపించింది. దాన్ని నోట్లో పెట్టుకుని ఎంగిలి చేస్తారా?" శివకుమారి ఆ చేతిని పక్కకు నెట్టింది. "ముందు స్నానం చేసి రాండి. వసారాలో తొమ్మిది మంది టెంకాయలు పట్టుకోని కూచోనుండారు."

సాయంత్రం జనం పలచబడ్డాక గోపీనాథ్ వెనక వాకిలి గుండా బయటపడి, బంకులో ఒక బీడీ కొనుక్కుని, ఎవరూ బోరు వేయలేని చోటు వెతుక్కుంటూ పోయి మైదుకూరు తారు రోడ్డు అంచున నిలబడి కాల్చుకున్నాడు. పీకను మాత్రం, ఎందుకైనా మంచిదని, కింద వేయకుండా జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.