గోడకు ప్రతీక హోదా

గోడను గోడగా మాత్రమే చూసే దుస్థితి నుంచి ప్రజలను విముక్తుల్ని చేసే బాధ్యత ఇకమీదట తమదేనని రాష్ట్ర దృశ్య సంస్కృతి మండలి చైర్మన్, మా ఎమ్మెల్యే మల్లేశ్వర్ గారు ప్రకటించారు. ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లో ప్రెస్‌మీట్. శంషాబాద్ విలేకరిగా నేనూ హాజరయ్యాను. మధ్యలో విమానాలు నెత్తిమీదుగా పోవడంతో ప్రకటనలో కొంత భాగం వినబడలేదు. వినబడిన భాగం ఎలాగూ అర్థం కాలేదు కాబట్టి నష్టమేమీ జరగలేదు.

"సినిమాల ఒక గోడ కనబడ్డదనుకోండ్రి. తెలివిలేనోడు గోడ అంటడు. తెలివున్నోడు, దీని ఎనకాల ఏమున్నదని అడుగుతడు," అన్నారు చైర్మన్ గారు.

"ఏమున్నది సార్?" అని అడిగాను. ఆయన చెబుతున్న గోడ వెనకాల మా ఊరి లచ్చమ్మ పొలం ఉందని నాకు తెలుసు. నాకే కాదు, హాల్లో బిర్యానీ కోసం ఎదురుచూస్తున్న అందరికీ తెలుసు.

"మెటాఫర్ ఉన్నది," అన్నారాయన. అందరం రాసుకున్నాం.

ఇంతటి జ్ఞానం ఆయనకు ఊరికే రాలేదు. మహేశ్వరం దారిలో మా ఊరుంది. అక్కడ చైర్మన్ గారి బామ్మర్ది కొండల్ వెంచర్ వేశాడు. పేరు రన్‌వే గ్రీన్స్. రన్‌వే ఎలాగూ ఎయిర్‌పోర్టుది, గ్రీన్స్ మాత్రం బ్రోషర్లో ఉన్నాయి. వెంచర్ చుట్టూ గోడ కడుతూ కడుతూ ఊరి బండ్ల బాటకు కూడా అడ్డంగా కట్టేశాడు. తాతల నాటి నుంచి ఊరి నక్షలో ఉన్న బాట అది. దాని అవతల లచ్చమ్మ, ఆమె మొగుడు జంగయ్యల టమాట చేను. బాట మూసుకుపోతే ట్రాక్టర్ పోదు, ట్రాక్టర్ పోకపోతే దుక్కి లేదు, దుక్కి లేకపోతే చేను బీడు. బీడైన చేను చివరికి ఎవరి చేతికి పోవాలో కొండల్ అప్పటికే బ్రోషర్లో ఫేజ్ టూ అని వేయించుకున్నాడు. దూరదృష్టి అంటే అది!

లచ్చమ్మ కోడలు పూర్ణిమ అత్తాపూర్‌లో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. ఆ అమ్మాయి ఫోన్‌తో అత్తను సినిమా తీసింది. లచ్చమ్మ నెత్తిన సద్ది గంప పెట్టుకుని చేనుకు బయలుదేరుతుంది. గోడ అడ్డం వస్తుంది. గోడను తిడుతుంది. సర్వీస్ రోడ్డు మీదుగా తిరిగి తిరిగి చేరేసరికి గంపలో అన్నం చల్లారిపోతుంది, జంగయ్య కస్సుమంటాడు. సినిమా అంతే. జనం ఎగబడి చూశారు. ఒక టీవీ వాళ్లు 'ఎవరిదీ గోడ?' అని స్క్రోలింగ్ వేశారు.

చైర్మన్ గారు పరేషానయ్యారు. వెంటనే సినీ విశ్లేషకులు ఈశ్వరయ్య గారిని పిలిపించారు. ఈశ్వరయ్య గారు కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మేధావి. ఏ సినిమాలోనూ కథను కథగా చూసిన పాపాన పోలేదు. చైర్మన్ గారి ఫాంహౌస్‌లో పెద్ద తెర మీద సినిమా వేశారు. ప్రెస్ తరఫున నన్నూ పక్కన కూర్చోబెట్టారు.

"సారూ, గా గోడ మా కొండల్ దేనా?" అని చైర్మన్ గారు అడిగారు.

"కాదండీ. అది మనసుల మధ్య గోడ."

"మరి దానిమీద మా కొండల్ ఫోన్ నంబరున్నది గద?"

ఈశ్వరయ్య గారు కళ్లు మూసుకుని తెరిచారు. "అదే దర్శకురాలి ప్రతిభండీ. ఈ యుగంలో మనిషి అంతరాత్మ కూడా కాల్ చేస్తేనే పలుకుతుంది."

"సద్ది గంప?"

"స్త్రీ జాతి మోస్తున్న చరిత్ర."

"పైన విమానం పోతున్నదేంది?"

"ఆశండీ. కనిపిస్తుంది, దిగదు."

చైర్మన్ గారికి ప్రాణం లేచొచ్చింది. ఆఖరి సందేహం ఒకటి మిగిలింది. "మరి నేనెక్కడున్న?"

"మీరు లేరండీ. మీరు లేకపోవడమే ఈ చిత్రంలోని మహా మౌనం."

చైర్మన్ గారు కళ్లు తుడుచుకున్నారు. లేకపోవడంలో ఇంత గొప్పతనం ఉందని ఆయనకు అంతవరకు ఎవరూ చెప్పలేదట. నియోజకవర్గంలో రోజూ కనబడి ఉంటే ఈ గౌరవం దక్కేదా?

ప్రెస్‌మీట్ అయిన వారమే మండలి నుంచి సర్టిఫికెట్ వెలువడింది. సదరు గోడ ప్రతీక అని ధ్రువీకరించారు. సంగతి తెలియని లచ్చమ్మ అర్జీ పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకెళ్లింది. అక్కడి సారు మర్యాదస్తుడు, కుర్చీ వేయించి మరీ చెప్పాడు.

"అమ్మా, నీ గోడ ప్రతీక కిందికి పోయింది. అది మా డిపార్ట్‌మెంట్ కాదు."

"ఏడికి పోయింది సారూ? పొద్దుగాల గూడ సూసిన, ఆడనే ఉన్నది."

"ఉన్నట్టు కనిపిస్తదమ్మా. అర్థంలో లేదు."

"అర్థంల లేకుంటే ట్రాక్టర్ ఎందుకు పోతలేదు?"

"జేసీబీ పంపితే ఏం కూల్చాలమ్మా? డ్రైవర్‌కు మనసులు, చరిత్రలు ఎట్ల చూపించాలె? మా ఇబ్బంది గూడ అర్థం చేసుకో."

లచ్చమ్మ అర్థం చేసుకోలేదు. బయటికొచ్చి నా బండి ఆపింది. "అన్నా, నీ పేపర్ల జర గోడ అని రాయరాదే. గోడ అనేది ఒక్క మాట. గంత రాస్తే ఏమైతది?" అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. నేను రాశాను. డెస్క్ వాళ్లు దాన్ని సినిమా పేజీలో వేశారు. పైన హీరోయిన్ బొమ్మ, కింద లచ్చమ్మ గోడ.

తర్వాత సన్మానం. కన్వెన్షన్ హాలు, ఫ్లెక్సీలు, డప్పులు. ఉత్తమ ప్రతీకాత్మక చిత్రమని పూర్ణిమకు అవార్డు, ఉత్తమ ప్రతీకాత్మక నటి అని లచ్చమ్మకు శాలువా. శాలువాకు బదులు బాట ఇస్తారేమోనన్న ఆశతో వచ్చిందా తల్లి. మైకు చేతికివ్వగానే ఒక్క ఉదుటున చెప్పింది.

"గోడ తీయించుండ్రి సారూ. మిరుగం కార్తె మీదికొచ్చింది. దున్నకుంటే చేను పాడైతది. మీ కాల్మొక్త, ట్రాక్టర్ పోనియ్యుండ్రి."

హాలు హాలంతా చప్పట్లు. ఈశ్వరయ్య గారు లేచి నిలబడి, "ట్రాక్టర్! అదీ మాటంటే! ఒక్క పదంలో నాగరికత మొత్తం!" అని రెండు చేతులూ జోడించారు.

"నాగరికత కాదు సారూ, మా రాజయ్య ట్రాక్టర్," అంది లచ్చమ్మ. ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి. పూర్ణిమ లేచి, "మా అత్త అడిగింది ఇస్తరా, ఇయ్యరా?" అని అరిచింది. యువతలో ఈ ఆవేశమే కావాలని చైర్మన్ గారు మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోలేదు. ఇంతటి ప్రతీక సామాన్యమైన ఎత్తులో ఉండటం మండలానికే చిన్నతనమని, ప్రభుత్వ ఖర్చుతో గోడ ఎత్తు పెంచి, పైన కంచె వేయించి, రాత్రిపూట రంగుల లైట్లు పెట్టిస్తామని ప్రకటించారు. నియోజకవర్గంలో అడిగిన దానికన్నా ఎక్కువ చేసే నాయకుడు ఇంకొకడుంటే చూపించండి.

అన్నమాట ప్రకారం గోడ పెరిగింది. మిరుగం కూడా అన్నమాట ప్రకారం వచ్చింది. వాన దంచికొట్టింది. ఊళ్లో అందరి చేన్లలో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. తెల్లవారి లచ్చమ్మ గడ్డపార తీసుకుని గోడ దగ్గరికి పోయింది. వెనక కోడలు, ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లు. ఎవరూ నినాదాలివ్వలేదు. ట్రాక్టర్ పట్టేంత మేర పగలగొట్టారు. రాజయ్య ట్రాక్టర్ ఆ సందులోంచి దూరి చేన్లోకి దిగింది. జంగయ్య దాని వెనక పరుగెత్తాడు, పెళ్లి పిలగాడిలా నవ్వుకుంటూ.

పావుగంటలో పోలీసులొచ్చారు. అర్థంలో లేని గోడకు అంత తొందరగా పోలీసులు రావడం మా మండలంలో ఇదే మొదటిసారి.

స్టేషన్లో ఎస్ఐ ఎదురుగా ఒక బెంచీ మీద లచ్చమ్మ. ఇంకోవైపు కొండల్, చైర్మన్ గారు, ఈశ్వరయ్య గారు. తలుపు దగ్గర నేను.

"ఏం పగలగొట్టింది?" అన్నాడు ఎస్ఐ.

"గోడ సార్! నా గోడ!"

"ఒక్క నిమిషం," అని ఈశ్వరయ్య గారు అందుకున్నారు. "గోడ అనడం స్థూల దృష్టండీ. ఆవిడ బద్దలుకొట్టింది మనసుల మధ్య..."

"నువ్వు జర ఊకో సారూ!" కొండల్ గయ్యిమన్నాడు. "మనసులేంది? గట్టి సిమెంటు పోసి కట్టిన. నడుమ ఇనుప చువ్వలేసిన. నా చేతుల మీద కట్టిన గోడ!"

"గోడనే గద? పక్కా?" అంది లచ్చమ్మ.

"గోడనే! ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఎక్కడ కట్టినవ్? హద్దు చెప్పాలె," అన్నాడు ఎస్ఐ.

"నా ప్లాట్ల ఎనకాల."

"ఎనకాలంటే నీ జాగలనా, అవతలనా? సరిగ చెప్పకుంటే కేసు నిలువదు."

"అవతల సార్, బండ్ల బాట మీద!" అని కొండల్ ఆవేశంగా అనేశాడు.

ఎస్ఐ పెన్ను ఆగిపోయింది. "ఊరి బాట మీదనా?"

"ఇంకోపారి చెప్పు కొండలూ, సారుకు సరిగ ఇనబడనట్టున్నది," అంది లచ్చమ్మ. అంతలో ఆమె ఫోన్ మోగింది. జంగయ్య అరుపు మా అందరికీ వినబడింది. దున్నుడయిందట, సద్ది తెమ్మంటున్నాడు. లచ్చమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బెంచీ మీంచి లేచింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

చైర్మన్ గారు మాత్రం కంగారు పడలేదు. నాయకుడంటే అలా ఉండాలి. కుర్చీ ఈశ్వరయ్య గారి వైపు జరుపుకుని, గొంతు తగ్గించి, ఎంతో వినయంగా అడిగారు.

"సారూ, బాట దేనికి ప్రతీకో జర సూడుండ్రి."